గోదావరి గట్టు వెంట తెగని కాలిబాట

2027 జూన్ 26 నుంచి జూలై 7 వరకు గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజుల కోసం రాజమహేంద్రవరంలో ఘాట్లు కడతారు, ఉన్నవాటిని వెడల్పు చేస్తారు, రోడ్లు వేస్తారు, దీపాలు అమరుస్తారు. 2003లోనూ 2015లోనూ ఇదే క్రమం నడిచింది. యాత్రికులకు చేసే ఏర్పాట్ల అవసరాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయడం లేదు. అయితే పుష్కరుడు వచ్చి వెళ్లిన తరువాత మళ్లీ పన్నెండేళ్ల పాటు ఈ నది ఒడ్డున బతికేది ఇక్కడి జనమే కాబట్టి, అదే ఖర్చులో, అదే గడువులో వారికి ఏడాది పొడవునా పనికొచ్చేది ఒకటి మిగలాలని కోరుకోవడం న్యాయమే అనుకుంటాను. నా దృష్టిలో అది ఒక కాలిబాట. కోటిలింగాల ఘాట్ దగ్గర మొదలై, ఎక్కడా తెగకుండా, ఏ గేటు దగ్గరా ఆగనక్కరలేకుండా, ధవళేశ్వరం బ్యారేజీ దాకా గోదావరిని చూస్తూ నడిచి వెళ్లగల బాట.

నది ఒడ్డున నడకకు ఇప్పుడు చోటే లేదని కాదు. తెల్లవారుజామున పుష్కర ఘాట్ మెట్ల పైన, గౌతమి ఘాట్ దగ్గర, కోటిలింగాల ఘాట్ పొడవునా నడిచేవాళ్లు, ఆసనాలు వేసేవాళ్లు, స్నానం చేసి తడిబట్టలతోనే సూర్యుడికి అర్ఘ్యమిచ్చేవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. చిక్కంతా ఘాట్‌కూ ఘాట్‌కూ మధ్యన ఉంది. చక్కగా సాగుతున్న రెయిలింగు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అక్కడినుంచి నాలుగు మెట్లు దిగితే ఆటోలూ లారీలూ తిరిగే రోడ్డు. రోడ్డు వారన పోసిన కంకర కుప్పనో, ఆపి ఉంచిన వ్యానునో చుట్టుకుని, మురుగు కాలువ మీద కదులుతున్న పలకను చూసుకుని అడుగు వేస్తూ పోతే తరువాతి ఘాట్ వస్తుంది, దాని గేటుకు ఒక్కోసారి తాళం ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ నాలుగు మెట్ల దగ్గరే వెనక్కి తిరుగుతారు. బిడ్డను చంకనెత్తుకున్న తల్లి కూడా అక్కడే తిరుగుతుంది. ఘాట్ల అందం కోసం ఎన్ని కోట్లు ఖర్చుపెట్టినా, వాటి మధ్యనున్న ఈ చిన్న చిన్న ఖాళీలు పూడనంతకాలం అవి విడివిడి వేదికలుగానే ఉంటాయి గాని బాట అనిపించుకోవు.

ఇంకొక సంగతి, మనం వేసే రాయి గురించి. పండుగ పనుల్లో ఎక్కువగా నున్నని గ్రానైటు పలకలు పరుస్తున్నారు. ఫొటోల్లో అవి మెరుస్తాయి, తొలకరి చినుకు పడగానే జారతాయి. నీటి అంచున పాచి పట్టిన మెట్ల సంగతి ఇక చెప్పనక్కరలేదు. రోజూ చెప్పుల్లేని కాళ్లతో, తడి కాళ్లతో, వణికే కాళ్లతో జనం తిరిగే చోట గరుకు రాయి వేయాలన్నది పాత ఘాట్లు కట్టిన మేస్త్రీలకు తెలిసిన విషయమే.

ఈ ప్రాంతానికి కాలిబాట అంటే కొత్తగా భూమి సేకరించి, కొత్తగా కట్టవలసినదేమీ కాదు. అది చాలావరకు ఇప్పటికే ఉంది, దాన్ని మనం ఏటిగట్టు అంటాం. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశాక, డెల్టాలోని పంటపొలాలనూ ఊళ్లనూ కాపాడుతున్నది నదికి రెండు వైపులా సాగే ఈ మట్టి గట్లే. అఖండ గోదావరికి ఎడమ గట్టు, కుడి గట్టు, ధవళేశ్వరం దాటాక గౌతమికీ వసిష్ఠకూ వాటి వాటి గట్లు, అలా సముద్రం దాకా వెళతాయి. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడూ, 2006లో కోనసీమలో గండ్లు పడినప్పుడూ ఈ గట్ల విలువ ఎంతటిదో జిల్లాలో ప్రతి ఇంటికీ తెలిసింది. ఆ తరువాత చాలా చోట్ల గట్ల ఎత్తూ వెడల్పూ పెంచారు. అంటే నది వెంట ఎత్తుగా, వరదకు అందకుండా, ప్రభుత్వ భూమిలో, ఊరికీ ఊరికీ కలుపుతూ సాగే ఒక పొడవాటి నేల మనకు నూట డెబ్బై ఏళ్ల శ్రమ ఫలితంగా సిద్ధంగా ఉంది. ప్రపంచంలో ఎన్నో నగరాలు ఇలాంటి నేల కోసం ఫ్యాక్టరీలనూ రైలు పట్టాలనూ తొలగించవలసి వచ్చింది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోకూడదు. గట్టు ఉన్నది మొదట వరదను ఆపడానికి, నడక ఆ తరువాతే. ఈ వరుస తప్పితే మేలు కన్నా కీడు ఎక్కువ. గట్టు మీద నీడ కోసం పెద్ద చెట్లు నాటాలని చాలామంది మంచి మనసుతోనే అడుగుతారు, నీటిపారుదల ఇంజనీర్లు ఒప్పుకోరు, వారి మాటే సరైనది. చెట్టు చచ్చిపోయాక దాని వేళ్లు కుళ్లి, గట్టు లోపల సన్నని బోలు దారులు ఏర్పడతాయి. నెలల తరబడి ఏమీ తెలియదు గాని, నది గట్టు మెడదాకా వచ్చిన రోజున నీరు ఆ దారులు పట్టుకుని ఊరి వైపు ఊటగా బయటపడుతుంది, ఊటతో పాటు మట్టి కొట్టుకురావడం మొదలైతే గండి పడడానికి ఎంతోసేపు పట్టదు. పందికొక్కులు, ఎండ్రకాయలు తవ్వే బొరియలతోనూ ఇదే ప్రమాదం. గట్టు వాలున గడ్డి ఉండాలి, ఆ గడ్డిని కోసి పొట్టిగా ఉంచాలి, అప్పుడే బొరియ కంటికి కనబడుతుందని గట్టు కాపలా కాసే లస్కర్లు చెబుతారు. ఆ ఒక్క మాటలో ఒక తరం అనుభవం ఉంది.

కాబట్టి నీడనిచ్చే చెట్లు గట్టు పాదానికి తగినంత దూరంగా, ఊరి వైపు నాటాలి. వేప, కానుగ, నేరేడు లాంటివి, ఎండాకాలపు సాయంత్రాల్లో పడమటి ఎండను అడ్డుకునేలా ఎక్కడ వీలుంటే అక్కడ. మొక్కల కోసం వెతుక్కోనక్కరలేదు, కడియం నర్సరీలు పక్కనే ఉన్నాయి. గట్టు పైన బాటకు మందపాటి సిమెంటు కాంక్రీటు వేయడం కూడా నాకు అంత మంచిదనిపించదు. కాంక్రీటు పలక కింద మట్టి జారి బోలు ఏర్పడినా పైకి ఏమీ కనిపించదు. బాగా రోలరు తొక్కించిన గ్రావెల్ అయితే ఎక్కడ కుంగినా ఇట్టే తెలిసిపోతుంది, మోకాళ్లకూ మేలు. వరద రోజున ఇసుక బస్తాల ట్రాక్టరు గట్టు మీద పోవాలి కాబట్టి ఆ వెడల్పును దుకాణాలతోనూ సిమెంటు బెంచీలతోనూ పూల కుండీలతోనూ ఇరుకు చేయకూడదు. బెంచీలు అవసరమే, వాటిని గట్టుకు ఊరి వైపున మలుపుల్లో ప్రత్యేకంగా చేసిన చోట్లలో పెట్టవచ్చు.

నది సంవత్సరానికి కొన్ని వారాలు తన చోటు తాను అడుగుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. మొదటి హెచ్చరిక నాటికే బ్యారేజీ నుంచి పది లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి పోతూ ఉంటుంది. ఘాట్ల కింది మెట్లు జూలై, ఆగస్టుల్లో మునగడం ప్రతి ఏడూ మామూలే. అందువల్ల బాట రెండు అంతస్తులుగా ఉండడం మంచిది. గట్టు మీద పైబాట ఏడాదంతా ఉంటుంది, రెండో హెచ్చరిక నుంచి మాత్రం గట్టు కాపలా వాళ్లకు అడ్డం కాకుండా దాన్నీ మూసివేయాలి. మెట్ల దగ్గర కింది బాట వరద కాలంలో మునుగుతుందని మొదటినుంచీ తెలిసి కట్టాలి. అక్కడ విద్యుత్ పెట్టెలూ, రంగుల ఫౌంటెన్లూ, తీగలూ పెట్టడం ప్రతి ఏటా డబ్బు నీళ్లలో పోయడమే అవుతుంది. రాతి మెట్టు, గొలుసు కట్టడానికి ఇనుప రింగు, పట్టుకోవడానికి గట్టి కమ్మీ ఉంటే చాలు.

వరద తీసిన తరువాతి వారం మెట్ల దగ్గరకు వెళ్లి చూసినవాళ్లకు నేను చెప్పబోయేది తెలుస్తుంది. చీలమండ లోతున, కొన్నిచోట్ల మోకాలి లోతున ఒండ్రు పేరుకుని ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు అది వెన్నలా మెత్తగా ఉంటుంది. ఆ పదునులోనే పంపుతో నీళ్లు కొడితే మెట్టు మెట్టూ దానంతట అదే కడుక్కుపోతుంది. ఎండ తగిలి వారం దాటితే పగుళ్లు తేలి, పారతో కొట్టినా రాని పెచ్చులవుతుంది, దాని కింద చిక్కిన చీరముక్కలూ ప్లాస్టిక్ సంచులూ పూజ సామగ్రీ అలాగే ఉండిపోతాయి. బాట కట్టేటప్పుడే దాని నిర్వహణకు, ముఖ్యంగా వరద తీసిన మొదటి మూడు రోజుల పనికి, ఏటా ఇంత అని మనుషులనూ పంపులనూ డబ్బునూ కేటాయించకపోతే, ఎంత బాగా కట్టినా రెండేళ్లలో జనం దాన్ని వదిలేస్తారు.

నదీతీరాభివృద్ధి అనగానే మనవాళ్లు అహమదాబాదులోని సబర్మతిని చూపిస్తారు. అక్కడ నదికి రెండు వైపులా దాదాపు 11.5 కిలోమీటర్ల చొప్పున గోడలు కట్టి, నది వెడల్పును ఒకే తీరుగా 263 మీటర్లకు కుదించి, గోడల వెంట కింద ఒకటి, పైన ఒకటి నడకదారులు వేశారు. పిల్లాపాపలతో జనం సాయంత్రాలు అక్కడ గడపడం నిజం, అది చిన్న విషయమేమీ కాదు. కానీ అక్కడ కనిపించే నీరు చాలావరకు నర్మద కాలువ నుంచి తెచ్చి నింపిన నీరు, ఒడ్డున బతికిన పదివేలకు పైగా కుటుంబాలు ఆ పని కోసం వేరే చోట్లకు తరలవలసి వచ్చింది. రాజమండ్రి దగ్గర గోదావరి వెడల్పు కిలోమీటర్లలో ఉంటుంది, దాన్ని ఒక్క గజం కుదించే పని కూడా తలపెట్టకూడదు. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులకు మించి వచ్చిన వరదను గుర్తుచేసుకుంటే ఈ మాటకు వేరే వివరణ అక్కరలేదు.

దగ్గరలోనే విజయవాడ ఉదాహరణ ఉంది. కృష్ణలంక పక్కన మూడు విడతలుగా కట్టిన రిటైనింగ్ వాల్ 2024 సెప్టెంబరు 2న తన విలువ చాటుకుంది. ప్రకాశం బ్యారేజీ చరిత్రలోనే అత్యధికంగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన ఆ రోజు, ప్రతి పెద్ద వరదకూ సామాన్లు నెత్తిన పెట్టుకుని పరుగెత్తే కృష్ణలంక, రాణీగారితోట వాసులు తమ ఇళ్లలోనే ఉండగలిగారు. నగరంలో మునిగింది బుడమేరు వాగు వైపు ప్రాంతాలు. గోడ అక్కడ అవసరమైంది, ఆ గోడను ఆనుకుని నడకదారీ పార్కూ వేయడం కూడా తెలివైన పనే. గోడ తప్పనిసరి అయినచోట దాన్ని దాటి నదిని చేరే మెట్లు, వాలుదారులు ప్రతి వీధి చివరా ఉండాలన్నదొక్కటే నా మనవి. లేకపోతే నదికి అరఫర్లాంగు దూరంలో పుట్టిన పిల్లలు నదిని చూడకుండానే పెరుగుతారు. రాజమండ్రిలో గట్టు ఉంది కాబట్టి చాలామేరకు గోడతో పనిలేదు, గట్టు ఎక్కితే చాలు నది కళ్లెదుట ఉంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగానికి వస్తాను. హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో రైళ్లు తిరగడం ప్రారంభమైన ఈ వంతెన, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టుకుని, 56 స్పాన్లతో నదిని దాటి కొవ్వూరు చేరుతుంది. దాదాపు ఒక శతాబ్దం పాటు మద్రాసు, హౌరాల మధ్య బండ్లను మోసి, 1997లో ఆర్చి వంతెన అందుబాటులోకి వచ్చాక విశ్రాంతి తీసుకుంది. అప్పటినుంచి దాన్ని నడకకు తెరవాలన్న కోరిక ఊళ్లో ఉంది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో, సుమారు 94 కోట్ల రూపాయల పనుల్లో, పుష్కర ఘాట్‌తో పాటు ఈ వంతెనను పర్యాటక ప్రదేశంగా తీర్చిదిద్దే పని కూడా ఉంది. నేను ఆ వార్తకు ఎంతో సంతోషించాను, దానితో పాటే ఒక దిగులూ కలిగింది. వంతెన మీద కొంతదూరం దాకా అద్దాల నేల, తినుబండారాల దుకాణాలు, ఫొటోల చోట్లు పెట్టి, చూసి వెనక్కి రమ్మంటే అది వంతెన అనిపించుకోదు. వంతెన ఉన్నది అవతలి ఒడ్డుకు చేర్చడానికి.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని పోకీప్సీ అనే ఊళ్లో హడ్సన్ నది మీద 1889 నాటి రైలు వంతెన ఒకటి ఉంది. 1974లో మంటలంటుకున్న తరువాత మూతబడి, ముప్పై అయిదేళ్లు తుప్పు పట్టి నిలబడి, చివరికి 2009 అక్టోబరులో నడకకూ సైకిళ్లకూ తెరుచుకుంది. రెండు కిలోమీటర్ల పొడవున, ఒక ఒడ్డున ఎక్కి అవతలి ఒడ్డున దిగేలా ఉంటుంది, రెండు వైపులా ఉన్న పాత రైలు మార్గాలను కూడా బాటలుగా మార్చి దానికి కలిపారు. వంతెన అక్కడి నడక దారులన్నిటికీ నడుమ ముడిలా నిలిచింది. హేవలాక్ వంతెన దానికన్నా పొడవైనది, దాని కిందనున్న నది దానికన్నా వెడల్పైనది.

పటాన్ని ఒకసారి మనసులో పరుచుకోండి. రాజమండ్రి నుంచి ఎడమ గట్టు మీద ధవళేశ్వరం పది కిలోమీటర్ల లోపే. అక్కడ కాటన్ మ్యూజియం, పక్కనే బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలను ఆనుకుంటూ, 175 గేట్లతో నదిని దాటే ఆ కట్టడం మీదుగా పడమటి ఒడ్డుకు చేరవచ్చు. విజ్జేశ్వరం నుంచి కుడి గట్టు పట్టుకుని ఎగువకు నడిస్తే కొవ్వూరు, గోష్పాద క్షేత్రం. కొవ్వూరులో హేవలాక్ వంతెన ఎక్కితే తిరిగి రాజమండ్రి. సైకిలు మీద తీరిగ్గా ఒక్క పూటలో, నడిచేవాళ్లకు రోజంతా పట్టే ఒక పూర్తి చుట్టు ఇది. ఇందులో కొత్తగా నిర్మించవలసింది చాలా తక్కువ. బ్యారేజీ రోడ్డు ఇరుకైనది, దాని మీద బస్సులూ లారీలూ తిరుగుతాయి కాబట్టి అక్కడ కాలినడకకు రక్షణ ఎలా అన్నది ఇంజనీర్లు తేల్చవలసిన కష్టమైన ప్రశ్న, ఆ కష్టాన్ని నేను దాచడం లేదు. తక్కినదంతా ఉన్న గట్లను కలపడమే. దేశంలో ఇంత చరిత్రనూ ఇంత నీటినీ ఒక్క చుట్టులో చూపించగల బాట మరొకటి ఎక్కడుందో నాకు తోచదు.

ధవళేశ్వరం లాకుల దగ్గర మొదలయ్యే కాలువలను కూడా ఈ ఆలోచనలో చేర్చుకోవాలి. కాటన్ కాలువలను సాగునీటికి మాత్రమే తవ్వించలేదు, పడవలు నడవడానికీ తవ్వించాడు. ధాన్యం, కొబ్బరి, కలప వేసుకున్న పడవలు కాకినాడ దాకా, కృష్ణ కాలువలతో కలిసి ఇంకా దక్షిణానికీ ప్రయాణించేవి. గాలి లేనప్పుడు పడవవాళ్లు గట్టు మీదకు దిగి, నడుముకు తాడు కట్టుకుని, ముందుకు వంగి పడవను లాక్కుంటూ నడిచేవారు. ఆ నడకతో అరిగిన దారే కాలువ గట్టు దారి. ఇంగ్లాండులో అలాంటి పడవలాగుడు దారులే ఇప్పుడు వేల మైళ్ల కాలిబాటలుగా జనానికి ఉపయోగపడుతున్నాయి. ధవళేశ్వరం నుంచి కడియం వైపు కాలువ గట్టును బాగుచేస్తే, కొబ్బరి నీడల్లో పూల తోటల మధ్యకు నడిచి వెళ్లవచ్చు.

బాట వస్తే ఒడ్డున ఇప్పుడున్నవాళ్లు ఏమవుతారన్న ప్రశ్నను మొదటి రోజే అడగాలి. ఎర్రనీరు తగలగానే పులస కోసం వలలు సర్దుకునే జాలర్లకు పడవ కట్టుకోవడానికీ, వల ఆరేసుకోవడానికీ, చేప అమ్ముకోవడానికీ చోటు కావాలి. బట్టలు ఉతికేవాళ్లకు వాళ్ల రేవు కావాలి. బ్రిడ్జిలంక, కేతావారిలంక నుంచి కూరగాయలతో, పాలతో వచ్చే పడవలు ఆగే రేవులు కావాలి, వరద వచ్చినప్పుడు ఆ లంకల వాళ్లను పునరావాస కేంద్రాలకు చేర్చేది కూడా ఈ రేవుల ద్వారానే. పిండప్రదానాలు చేయించే పురోహితుల చోటు వేరు, శ్రాద్ధకర్మలకు వచ్చినవాళ్లకు కొంత ఏకాంతమూ అవసరం. వీటన్నిటినీ తీసేసి నదిని శుభ్రమైన దృశ్యంగా మార్చితే అది ఎవరి నదీ కాకుండా పోతుంది. రేవు ఉన్నచోట బాట కాస్త వెనక్కి జరిగి, ఒక చిన్న వాలుదారిని రేవుకు వదిలి, మళ్లీ గట్టెక్కాలి. వలలు ఆరవేసిన చోట నడిచేవాళ్లు పక్కకు తప్పుకుని పోవడం ఇబ్బందేమీ కాదు, పిల్లలకు అంతకంటే చూడదగ్గది ఏముంటుంది?

మురుగు సంగతి తేల్చకుండా ఏ బాటా నిలవదు. నల్లా ఛానల్, ఆవ ఛానల్ ఊరి మురుగును తెచ్చి గోదావరిలో కలుపుతాయి. ఆ కలిసే చోట్ల ముక్కు మూసుకోకుండా ఎవరూ నడవలేరు, దానికి దిగువన మనం స్నానాలు చేస్తాం, దిగువ ఊళ్లవాళ్లు ఆ నీరే తాగుతారు. శుద్ధి కేంద్రాలకు పెట్టే ఖర్చు బాట పద్దులో కనిపించదు గాని, బాటకు మొదటి పని అదే. జనం రోజూ ఆ పక్కన నడవడం మొదలుపెడితే మురుగు ఎవరికీ కనబడని సమస్యగా ఉండదు, అడిగేవాళ్లు పెరుగుతారు, అది కూడా బాట వల్ల వచ్చే మేలుల్లో ఒకటి.

ఆడవాళ్లు చీకటి పడ్డాక కూడా ధైర్యంగా నడవగలగాలి. అందుకు అరకిలోమీటరుకో మరుగుదొడ్డి, అదీ నీళ్లున్నదీ, తలుపు గడియ ఉన్నదీ, పగలూ రాత్రీ తెరిచి ఉండేదీ కావాలి. దీపాలు నది మీదకు కాకుండా బాట మీదకు పడాలి. చక్రాల కుర్చీ ఎక్కడా ఎత్తవలసిన అవసరం రాకుండా వాలుదారులుండాలి. టికెట్టు అన్న మాట ఉండకూడదు. పడవ షికారుకూ మ్యూజియానికీ టికెట్టు పెట్టుకోవచ్చు, గట్టు మీద నడిచే హక్కుకు మాత్రం ధర కట్టకూడదు.

ఈ బాట పుష్కరాలకూ పనికొస్తుంది. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజున, పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ఉదయం ఇంటివాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు ఏ మాటా ఓదార్పు కాదు. కానీ ఒక్క ఘాట్ మీద జనం గుమిగూడకుండా, వచ్చినవాళ్లు నది వెంటే అటూ ఇటూ ఖాళీగా ఉన్న మెట్లకు నడిచి పోగల వెడల్పైన బాట ఉంటే ఒత్తిడి సహజంగానే తగ్గుతుంది. బారికేడ్లు జనాన్ని ఆపగలవు, పంచలేవు. ఘాట్లను కలిపే బాట పంచుతుంది. పుష్కరాల నిధుల్లో ఈ పనికి వాటా అడగడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కరలేదు.

ఇంత తేలికగా కనిపించే పని ఇన్నాళ్లూ ఎందుకు జరగలేదంటే, ఒడ్డుకు యజమానులు చాలామంది. గట్టు జలవనరుల శాఖది, రోడ్లూ దీపాలూ నగరపాలక సంస్థవి, గుడుల ముందున్న మెట్లు దేవాదాయ శాఖవి, పడవలూ రిసార్టులూ పర్యాటక శాఖవి, వంతెన చుట్టూ రైల్వే భూములు. ఒక్కొక్కరూ తమ ముక్కను బాగానే చేస్తారు, ముక్కకూ ముక్కకూ మధ్యనున్నది ఎవరి పనీ కాదు. మూడు నదులు కలిసే పిట్స్‌బర్గ్ నగరంలో కూడా ఇదే పరిస్థితి ఉండేది. మనవాళ్లకు అక్కడి వేంకటేశ్వరస్వామి గుడి వల్ల ఆ ఊరు పరిచితమే. ఉక్కు కర్మాగారాలూ రైలు పట్టాలూ నదులను మూసేసిన ఆ ఊళ్లో 1991లో ఫ్రెండ్స్ ఆఫ్ ది రివర్‌ఫ్రంట్ అనే పౌరుల సంస్థ ఏర్పడి, ఒక్కొక్క యజమానితో మాట్లాడి, ఒక్కొక్క ఖాళీని పూడ్చుతూ, ఇప్పటికి 33 మైళ్ల బాటను కలిపింది. డబ్బు ప్రభుత్వాలూ దాతలూ ఇచ్చారు, ఖాళీల లెక్క మాత్రం పౌరులు రాసిపెట్టుకున్నారు.

ఆ లెక్క మనమూ రాయాలి. కోటిలింగాల నుంచి ధవళేశ్వరం దాకా గట్టు మీద నడిచి, బాట తెగిన ప్రతి చోటునూ ఫొటోతో, అది ఏ శాఖ పరిధిలోదో వివరంతో, దాన్ని కలపడానికి ఏం కావాలో ఒక్క వాక్యంతో నమోదు చేయడం కష్టమైన పని కాదు. ఈ నడకకు ఇంజనీరింగు కాలేజీల పిల్లలూ, పదవీ విరమణ చేసిన నీటిపారుదల ఉద్యోగులూ, ఘాట్ల దగ్గర రోజూ కలుసుకునే నడక బృందాలూ వస్తే నేనూ వాళ్లతో కలిసి నడుస్తాను. తయారైన జాబితాను పుష్కరాల పనులు చూసే జిల్లా అధికారులకు అందజేసి, కొత్త ఘాట్ల అంచనాల్లోనే ఈ ఖాళీల ఖర్చు కూడా చేర్చమని అడగాలి. మొదట ఎడమ గట్టు ధవళేశ్వరం దాకా, తరువాత హేవలాక్ వంతెన కొవ్వూరు దాకా, ఆపైన కుడి గట్టు, ఈ వరుసలో పోతే ప్రతి దశలోనూ జనానికి వాడుకోవడానికి ఏదో ఒక పూర్తి ముక్క చేతికి వస్తుంది. అంచనాలు ఖరారైపోయాక అడిగితే వచ్చే పుష్కరాల దాకా ఆగమంటారు కాబట్టి, ఆ నడక ఈ నెలలోనే మొదలుకావాలి.